తీతువు కూసిన వీధి

మా ఆవిడకు ఒక అలవాటుంది. నేను దుర్భిణి మెడలో వేసుకుని గడప దాటబోయే సమయానికి సరిగ్గా గుమ్మంలోకి వచ్చి, "మాదన్నపేటలో పక్షులేమున్నాయండీ, కోళ్ళ కొట్లో కోళ్ళు తప్ప?" అంటుంది. ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండదు. పైకి చూస్తే మా పేట పక్షులను చూసే చోటు కానే కాదు. ఇంకా చీకటి ఉండగానే కూరగాయల మండీ లేస్తుంది. టమాటా పెట్టెలు దించే చప్పుడు, కొత్తిమీర కట్టల మీద బేరాలు, అడ్డం వచ్చిన ఆటోమీద తిట్లు, ఒకవైపు అజా, మరొకవైపు సుప్రభాతం. ఇంత సందట్లో పిట్ట గొంతు ఎవరికి వినిపిస్తుంది చెప్పండి?

గోలకొండ నవాబు తానీషా కొలువులో మంత్రిగా ఉన్న మాదన్న పేరు ఈ పేటకు నిలిచిందంటారు. ఆయనను 1686లో చంపేశారు. ఆ మరుసటి ఏడే గోలకొండ మొగలాయిల వశమైంది. మంత్రిగారి రోజుల్లో ఇక్కడ చిలుకలు వాలే తోటలుండేవో ఏమో, ఇప్పుడు మాత్రం డాబా మీద డాబా, ఆ పైన నీళ్ళ టాంకీ, దాని మీద కాకి.

అయినా నా పిచ్చి నాది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయిందంటే చాలు, ఆదివారాలు నేను ఇంట్లో నిలవను. సైదాబాదు మీదుగా ఆటోలో పోతే సరూర్‌నగర్ చెరువు ఎంతో దూరం లేదు. 1626 నాటి చెరువది. చుట్టూ కాలనీలు వచ్చి, వినాయక నిమజ్జనాలు జరిగి, ఎగువ నుంచి మురుగు చేరి, ఎన్నో అవస్థలు పడింది. అయినా గట్టు మీద నిలబడి ఒక గంట ఓపిక పట్టారంటే అది మిమ్మల్ని ఉత్త చేతులతో పంపదు.

చాలామంది పక్షులను చూడాలంటే చలికాలమే మంచిదంటారు. నా మాట వినండి, ఫాల్గుణ చైత్రాలను మించినవి లేవు. ఆ రోజుల్లో నీరు తగ్గి, అంచుల్లో బురద బయటపడుతుంది. ఆ బురదలోనే పక్షులకు విందు. పైగా చెరువు అప్పుడు పెళ్ళివారిల్లులా ఉంటుంది. ఒకవైపు చుట్టాలు మూటాముల్లె సర్దుకుంటుంటారు; మరొకవైపు ఇంటివాళ్ళు కొత్త సంసారాలు పెడుతుంటారు.

ఇంటివాళ్ళ సంగతి ముందు చెబుతాను. నామంకోడి ఒకటుంది. ఒళ్ళంతా మసి నలుపు, నుదుట మాత్రం ముక్కు మొదటి నుంచి పైకి దిద్దినట్టు తెల్లటి నామం. నామం పెట్టుకున్నంతలో శాంతం రావాలని ఎక్కడా లేదు. ఎప్పుడు చూసినా పక్కదానితో కయ్యమే. నీళ్ళను తన్నుకుంటూ తరుముకుంటూ పోతుంది. గుర్రపు డెక్క మీద నడిచే నీలపు బొల్లికోడి దీనికన్నా షోకిలా. నీలం పట్టు కట్టి, మూతికీ కాళ్ళకూ కుంకుమ రాసుకున్నట్టుంటుంది. గుర్రపు డెక్క కాడను ఒక కాలితో పట్టుకుని, చిలుక జామకాయ తిన్నట్టు తీరుబాటుగా కొరుకుతుంది. ఈ గుర్రపు డెక్క మన మొక్క కాదు, దక్షిణ అమెరికాది; చెరువు గొంతు నులిమేదీ అదే, ఈ పక్షికి కొంప అయినదీ అదే. యంత్రాలతో దాన్ని తీయించే రోజున నేను సంతోషించాలో విచారించాలో తెలియక ఊరికే నిలబడి చూస్తుంటాను.

ఇక గుడ్డికొంగ. మనం దగ్గరకు పోయేదాకా కదలదు కనుక గుడ్డిదనుకున్నారు కాబోలు. ఏడాదిలో చాలా భాగం అది మట్టిరంగు చారలతో, అద్దె ఇంటి గోడలా, ఎవరి కంటా పడకుండా ఉంటుంది. వేసవి మొదలయ్యేసరికి వీపు ముదురు వక్కరంగు తిరుగుతుంది, తల వెనుక నుంచి సన్నని ఈకలు జారతాయి. ఏడాది పొడుగునా ఒకే చొక్కాతో ఆఫీసుకు వచ్చే గుమాస్తా ఒకనాడు పట్టు పంచెతో ఎదురైనట్టుంటుంది. గొడ్ల వెంట తిరిగే తెల్లకొంగకు తలా మెడా పసుపునారింజ రంగు పూసినట్టవుతాయి. ఇవన్నీ పెళ్ళిచూపుల ముస్తాబులు.

చుట్టాల్లో నాకు ఎంతో ఇష్టమైనది కంటిమీద తెల్లని కనుబొమ దిద్దిన చిన్న బాతు. అరకిలో తూగుతుందో తూగదో! కాని అది గుడ్లు పెట్టేది మన దగ్గర కాదు, యూరపు నుంచి సైబీరియా దాకా ఉన్న చల్లని దేశాల్లో. హిమాలయాలను దాటి వచ్చి, మన చెరువుల్లో చలికాలం గడిపి, మళ్ళీ ఆ దారినే పోతుంది. ఈ ఏడు ఫాల్గుణంలో ఒక ఆదివారం సరూర్‌నగర్‌లో ఇరవై రెండు లెక్కపెట్టాను. మరుసటి ఆదివారం తొమ్మిది. ఆ మరుసటి వారానికి ఒక్కటీ లేదు. టిక్కెట్టు లేదు, వీడ్కోలు లేదు, రాత్రికి రాత్రి ప్రయాణం.

గులాబీ గోరువంకలు మాత్రం చెప్పి మరీ వెళతాయి. గట్టు మీది రావిచెట్టుకు వందలకొద్దీ చేరి, పళ్ళు తింటూ, చిన్నబడి విడిచినప్పటి పిల్లల్లా అరుస్తాయి. చలికాలంలో మాసిన గుడ్డలా ఉండే పక్షికి, వెళ్ళే ముందు తలా రెక్కలూ నిగనిగ నల్లబడి, ఒళ్ళు అచ్చమైన గులాబీ రంగు తేలుతుంది. ఏప్రిల్ నడిమికి దాదాపు అన్నీ వెళ్ళిపోతాయి. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో, రాళ్ళ సందుల్లో గూళ్ళు పెట్టి, మిడతలతో పిల్లలను పెంచి, ఎండాకాలం పూర్తిగా అయీ అవకుండానే కొన్ని తిరిగి మన దేశం చేరుకుంటాయి. లెక్కవేస్తే ఏడాదిలో ఎక్కువ నెలలు మనవద్దే ఉంటాయి. అయినా వాటిని విదేశీ పక్షులంటాం. పుట్టిల్లు ఒకచోట, కాపురం మరొకచోట అయిన ఆడపిల్లను ఏ ఊరిదంటామో మరి!

మన ప్రాంతపు పక్షులను వరుసగా పరిశీలించి పద్దు రాసిన మొదటి మహానుభావుడు సలీం అలీ. నిజాం ప్రభుత్వపు సాయంతో 1931-32లో హైదరాబాదు రాజ్యమంతా తిరిగి చేసిన ఆ పరిశీలన, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వారి పత్రికలో అచ్చయింది. ఎడ్లబండి, గుడారం, టార్చిలైటు కాలం అది. తరువాత 1980లో ఇక్కడ పక్షి వీక్షకుల సంఘం ఏర్పడింది. ఇప్పటి కుర్రవాళ్ళు ఫోనులో పిట్ట కూత వినిపించి పేరు రాబడుతున్నారు. నాకు ఇంకా దుర్భిణీ, పెన్సిలూ, నోటుపుస్తకమే.

చెరువంటే పిట్టల ముచ్చట ఒక్కటే అనుకోకండి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన ఈ వైపువాళ్ళెవరూ మరచిపోలేదు. సరూర్‌నగర్ చెరువు నిండి పొర్లి, దిగువ కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. నీటికి జ్ఞాపకశక్తి ఎక్కువ. తాను ఒకప్పుడు ఉన్న చోటికి దారి వెతుక్కుంటూ పోతుంది. అంబర్‌పేటలో బతుకమ్మకుంట అని ఒకటుండేది. మట్టీ చెత్తా పోసి పూడ్చి, అక్కడ కుంట ఉండేదన్న సంగతే మరచిపోయేటంత చేశారు. 2025లో తవ్వడం మొదలుపెడితే లోపలి నుంచి నీళ్ళు ఊరాయి. ఆ ఏడు సెప్టెంబరులో, బతుకమ్మ పండుగ రోజుల్లోనే, కుంటను తిరిగి జనానికి అప్పగించారు. నేను వెళ్ళి చూసిన రోజున నీటి మధ్యలో ఒక్క బుడుబుంగ ఉంది. బుడుక్కున మునిగి, నేను చూస్తున్న చోట కాక ఇంకెక్కడో తేలింది. దానికి కబురు ఎవరు పంపారో!

ఇదంతా నిజానికి ఉపోద్ఘాతం. అసలు చెప్పదలచింది మా వీధి సంగతి.

మా వీధి చివర ఒక ఖాళీ స్థలం ఉంది. పల్లం. వానాకాలంలో మోకాటిలోతు నీళ్ళు నిలిచి కప్పలు అరుస్తాయి. సంక్రాంతి దాటితే ఎండి, కంకరా పెచ్చులూ మిగులుతాయి. దాని పక్క ఇంట్లో ఒక పెద్దాయన ఉండేవారు. ఎనభై దాటాయి. ఒకప్పుడు వ్యవసాయం చేసినవారు. "ఇదంత కుంట శిఖమే సారూ, మా చిన్నతనంల ఇక్కడ బర్లు పండుతుండె" అనేవారు. శిఖమంటే చెరువులో నీరు నిలిచే నేల. హైదరాబాదులో ఇల్లు కొనేవాళ్ళు ముందు నేర్చుకోవలసిన మాట.

ఈ ఫాల్గుణంలో ఆ స్థలంలో తీతువుల జంట దిగింది. మీరు చూసే ఉంటారు: నల్లని రొమ్ము, పొడుగాటి పసుపు కాళ్ళు, కళ్ళ ముందు ఎర్రని తోలు. దీనికి గూడు లేదు. చెట్టెక్కదు, నేలమీదనే కాపురం. కంకరలో చిన్న గుంట చేసి, అందులో నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టిరంగు మీద నల్లని మచ్చలు. పక్కన రాయి ఏదో గుడ్డు ఏదో తెలియదు. పంచతంత్రంలో టిట్టిభమంటే ఇదే. సముద్రం తన గుడ్లు ఎత్తుకుపోయిందని పక్షులన్నిటినీ కూడగట్టి, గరుత్మంతుడి దాకా పోయి, చివరకు విష్ణుమూర్తి చేత సముద్రాన్ని బెదిరించి గుడ్లు తిరిగి తెచ్చుకున్న పక్షి. చిన్నదే గాని పౌరుషం గలది.

గూడు కనిపెట్టినవాణ్ణి నేనే. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. వీధి మొగలో చాయ్ తాగుతూ నలుగురికీ చెప్పాను. వీధిలో పిల్లలను వెంటబెట్టుకెళ్ళి చూపించాను. "అంకుల్, ఏక్ దఫా ఔర్" అంటే మళ్ళీ చూపించాను. ఉపాధ్యాయుడి పాత్ర ఎంత రుచిగా ఉంటుందో మీకు తెలియంది కాదు. నాలుగు రోజులు తిరిగేసరికి సాయంత్రాలు అక్కడ తిరునాళ్ళయింది. పిల్లలు, ఫోన్లు, పిల్లల వెనుక కుక్కలు. తీతువులు రెండూ మనుషుల తలల మీదుగా దూకుతూ గొంతు చించుకునేవి. అలవాటు పడిన కుక్కలు రాత్రుళ్ళు కూడా రావడం మొదలుపెట్టాయి. ఇక కూత తెల్లవార్లూ.

తీతువు కూత అంటే మన ఇళ్ళల్లో ఏమంటారో నేను చెప్పనక్కరలేదు. ఇంటిమీద తీతువు కూస్తే చావు కబురు వస్తుందని మా అమ్మమ్మ గబగబా ఉప్పు తీసి పొయ్యిలో వేసేది. సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్దాయన ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చారు. గుండె నీరసించిందని, ఇక ఇంట్లోనే చూసుకొమ్మని చెప్పి పంపారు.

మూడో నాడు పొద్దున్నే ఆయన కోడలు మా గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సార్, మామకు పానం బాగలేదు. రాత్రంత ఆ తీతువ మా ఇంటిమీదనే తిరుగుతున్నది. మీరు పిట్టల సంగతి తెల్సినోళ్ళు. ఎట్లనన్న చేసి దాన్ని పంపించుండ్రి" అంది. అప్పటికే ఆమె భర్త, గుడ్లు తీసి పారేస్తే పిట్ట పోతుందని ఎవరో చెప్పగా, పారేయడానికి సిద్ధంగా ఉన్నాడట.

నేనేం చేశానంటే, ఉపన్యాసం ఇచ్చాను. తీతువుకు చావుతో సంబంధం లేదని, అది గుడ్లను కాపాడుకోవడానికి అరుస్తుందని, గుడ్లు తీయడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని చెప్పాను. చెప్పిన ప్రతి మాటా నిజమే. ఆమె ముఖం చూస్తే, రాత్రంతా మామగారి పక్కన కూర్చున్న మనిషికి ఆ నిజాల్లో ఒక్కటీ పనికి రాలేదని తెలుస్తూనే ఉంది. తలవంచుకుని వెళ్ళిపోయింది.

మా ఆవిడ లోపలి నుంచి అంతా వింది. "ఆ పిట్ట మామూలుగా అంత అరుస్తుందా?" అని అడిగింది.

"అరవదు. ఎవరైనా దగ్గరకు వస్తేనే."

"మరి దగ్గరకు తీసుకెళ్ళింది ఎవరు?"

దీనికి చట్టంలో ఏ సెక్షనూ లేదు.

ఆ సాయంత్రం ఇద్దరమూ పెద్దాయనను చూడడానికి వెళ్ళాం. కిటికీ పక్కన మంచం. కోడలు కాఫీ ఇచ్చింది గాని మాట్లాడలేదు. నేను తప్పు నాదేనని ఎలా మొదలుపెట్టాలా అని తడుముకుంటుండగా పెద్దాయనే కిటికీ వైపు చూపించి, "గుడ్లెన్ని?" అన్నారు.

"నాలుగు."

"ఎప్పుడూ నాలుగే" అన్నారాయన. కొంచెంసేపు ఊపిరి తీసుకున్నారు. "చెలకల గుడ్లు కనవడితె నాగలి పక్కకు తిప్పుతుంటిమి. గంత మేర ఇడిసిపెట్టి దున్నుతుంటిమి. నలుదిక్కుల నాలుగు రాళ్ళు పెట్టుండ్రి. పోరగాళ్ళను అటు పోనియ్యకుండ్రి. ఒర్రుడు బందు వెడతది."

కోడలు గుమ్మం దగ్గర నిలబడి విన్నది. "నీకు భయం గాదా మామా?" అంది.

"దాని పిల్లలకు భయమైతే అది ఒర్రుతది. నాకెందుకే?"

మరుసటి రోజు పిల్లలే నాలుగు రాళ్ళు మోసుకొచ్చారు. నా వంతు పని కుక్కలు రాకుండా ముళ్ళకంప పరచడం. నా అరచేతుల మీద ఆ గీతలు చాలా రోజులున్నాయి. చూడాలనుకున్న పిల్లలు మా డాబా ఎక్కి దుర్భిణిలోంచి చూడాలని కట్టడి చేశాను. మూడు రోజులకు రాత్రులు నెమ్మదించాయి. పూర్తిగా కాదు, ఎప్పుడో ఒకసారి పిల్లి పోతే ఒక కూత, అంతే.

డాబా మీద నుంచి నేను ఇంతకుముందు పుస్తకాల్లో చదివిందే గాని చూడనిది ఒకటి చూశాను. ఉగాది దాటాక ఎండ ముదిరింది. మిట్టమధ్యాహ్నం ఒక పక్షి పక్కన కారుతున్న కుళాయి మడుగులోకి వెళ్ళి, రొమ్ము ఈకలు బాగా తడుపుకుని, నడిచి వచ్చి, ఆ తడి రొమ్ముతో గుడ్ల మీద కూర్చుంది. కొంతసేపటికి రెండోది అలాగే తడిసి వచ్చి వంతు తీసుకుంది. పొదగడమంటే వెచ్చబెట్టడమే అనుకుంటాం. మన ఎండల్లో చల్లబెట్టడం కూడా. ఇలా ఆడా మగా ఇరవై ఎనిమిది రోజులో ముప్ఫై రోజులో కాపలా కాయాలి. నేను పెద్దాయనకు ఈ సంగతి చెబితే, ఆయనకు తెలిసిందే అన్నట్టు తల ఊపారు.

చైత్రంలో ఒక ఉదయం మూడు పిల్లలు బయటికి వచ్చాయి. పత్తికాయ పగిలినట్టు మెత్తటి ముద్దలు, కింద పుల్లల్లాంటి కాళ్ళు. ఈ జాతి పిల్లలకు తల్లి నోట్లో పెట్టడం ఉండదు. ఈకలు ఆరగానే నడుస్తాయి, తమ తిండి తామే ఏరుకుంటాయి. తల్లి ఒక్క కూత కూస్తే ఎక్కడివక్కడ నేలకు కరుచుకుంటాయి, రాళ్ళయిపోతాయి. కోడలు తన కిటికీలోంచి మామగారికి వేలుపెట్టి చూపిస్తోంది. ఆయనకు కనిపించాయో లేదో. రెండో నాటి తెల్లవారుజామున తల్లీతండ్రీ వాటిని నాలా గట్టు వెంబడి తీసుకుపోయాయి. స్థలం ఖాళీ. రాత్రి నిశ్శబ్దం.

ఆ తరువాత ఆరో రోజున పెద్దాయన నిద్రలోనే పోయారు.

పరామర్శకు వెళితే కోడలు మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "అది ఉన్నన్ని రోజులు ఉన్నడమ్మా" అంది. నేను ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు.

పదకొండో రోజు అయిన మరునాడు పొద్దున్న, స్థలం ముందు మట్టి లారీ వచ్చి ఆగింది. పల్లం పూడ్చి ఇల్లు కడతారట. లారీ డ్రైవరు దిగి, నాలుగు రాళ్ళూ ముళ్ళకంపా చూసి, చాయ్ కొట్లో ఎవరు చెప్పారో ఏమో, మా ఇంటి ముందుకు వచ్చాడు. "సారూ, గుడ్లేమన్న ఉన్నయా? జర చూసి చెప్పుండ్రి. ఉంటె రేపు పోస్త" అన్నాడు.

వెళ్ళి చూశాను. కంకర గుంటలో పొదగని నాలుగో గుడ్డు అలాగే ఉంది. వంగి చెయ్యి ఆనించాను. ఎండకు వేడెక్కి ఉంది. చాలాసేపు అలాగే కూర్చున్నానేమో, డ్రైవరు మళ్ళీ పిలిచాడు.

"ఏమీ లేవు, పోసుకో బాబూ" అన్నాను.